సూర్యుడికి అడ్డం వచ్చిన గుమ్మడికాయ

ముందే చెప్పేస్తాను, నేను కోతలు కోస్తాను. పిల్లిని చూసి పులి అనే రకం కాదు. పిల్లిని చూస్తే అది పులికి మేనమామ అనీ, వాళ్లింటి పెళ్లికి నన్ను పత్రిక ఇచ్చి పిలిచారనీ చెప్పే రకం. ఈ సంగతి తెలిసిన మా ఇంట్లోవాళ్లు నేను చెప్పినదాంట్లో సగం కొట్టేసి, మిగతా సగం మా ఆవిడను అడిగి ఖాయం చేసుకుంటారు. మీకు ఆ వీలు లేదు కాబట్టి ఒక మాట ఇస్తున్నాను. ఇందులో పెంచినవి బోలెడు ఉంటాయి కానీ, జరగనిది జరిగినట్టు పుట్టించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. అంతవరకు ఓపిక పట్టండి. మా అత్త పట్టినంత ఓపిక అక్కర్లేదు.

మాది వనపర్తి. ఎండ గురించి మాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం మా వీధి కుక్కలన్నీ ఒకే కరెంటు స్తంభం నీడలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. నీడ జరిగినకొద్దీ వరుస మొత్తం లేచి, కాస్త పక్కకు జరిగి, మళ్లీ పడుకుంటుంది. కిటికీలోంచి కుక్కల వరుసను చూసి నేను టైము చెప్పగలను. మా గోడ గడియారం కంటే అవే నయం, సెల్లు మార్చే పని లేదు. గద్వాలలో మాకు తెలిసినావిడ మేడ మీద అప్పడాలు ఆరబెట్టి, సాయంత్రం తీయబోతే అవి వేగిపోయి ఉన్నాయి. నాగర్‌కర్నూల్ బస్టాండులో ఒకాయన ఉడికిన గుడ్లు అమ్ముతాడు, ఆయనకు పొయ్యి లేదు. బుట్టను కాసేపు ఎండలో పెడతాడు, అంతే.

దేవుడు ఇంత ఎండను మా నెత్తిన ఊరికే పోస్తూ ఉంటే, దాంతో ఒక బల్బు వెలిగించుకోవడానికి, ఒక బోరు నడుపుకోవడానికి మాకు ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? చదువుకున్నవాళ్లు కారణాలు చెబుతారు. సోలార్ ప్లేట్లు మొదట్లో ఎంత పిరం అంటే ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలకు తప్ప నేల మీది మనుషులకు అందేవి కావట. పడిన ఎండలో చాలా కొంచెమే కరెంటుగా మారేదట. దాచుకుందామంటే మంచి బ్యాటరీలు లేవట. అవన్నీ నిజాలే, కాదనను. కానీ ఆ ప్లేట్లు చవకై, దిగొచ్చి, మా అత్త చెల్కలో, అంటే మెట్ట చేనులో, నిలబడ్డాక ఏం జరిగిందో ఆ చదువుకున్నవాళ్లు చూడలేదు. నేను చూశాను. చూసి ఏం చేయగలిగావయ్యా అంటే, ఏమీ లేదు.

సూర్యుడితో మా ఇంటి తగాదా పాతది. నా చిన్నప్పుడు మా నాయన ఎక్కడినుంచో సోలార్ కుక్కర్ అని ఒక పెట్టె మోసుకొచ్చాడు. లోపలంతా నలుపు, మూతకు అద్దం. అందులో బియ్యం, పప్పు పెట్టి ఎండలో వదిలేస్తే వాటంతటవే ఉడుకుతాయన్నాడు. ఉడికాయి కూడా. కాకపోతే మా వైపు జనం చేనుకు పోయేముందు పొద్దున్నే తింటారు, సద్ది కట్టుకొని పోతారు. పెట్టేమో పొద్దెక్కాక పని మొదలుపెట్టి, అందరూ చేలల్లో ఉండగా ఖాళీ ఇంటికి వేడివేడి అన్నం వండిపెట్టేది. మా అమ్మ రెండు రోజులు చూసి, "పొద్దుగాల తినేటోల్లకు పగటీలి వండే పొయ్యి ఎందుకు? దీన్ని పట్టుకొచ్చిన మొగనికి బుద్ధి ఎందుకు?" అని రెండు ప్రశ్నలు అడిగింది. తర్వాత చాలాకాలం ఆ మూత అద్దంలో మా నాయన గడ్డం గీసుకున్నాడు, పెట్టెలో కోడి గుడ్లు పెట్టింది.

ఆ తర్వాత సోలార్ లాంతరు వచ్చింది. పగలంతా ఎండలో పెట్టాలి, రాత్రి వెలుగుతుంది. పగలంతా బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారు. కాపలా కూర్చోవాలంటే మనిషి ఎండిపోతాడు. అందుకని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం. ఎండ మొహం చూడని సోలార్ లాంతరు ప్రపంచంలో ఎక్కడైనా ఉందంటే అది మా ఇంట్లోనే. చాలా భద్రంగా ఉండేది.

అప్పుడే నాకు ఒక సంగతి అర్థమైంది. మాకు పొయ్యి కావలసినప్పుడు సూర్యుడు లేవడు. దీపం కావలసినప్పుడు పడుకుంటాడు. మధ్యలో మాకు ఏమీ అక్కర్లేనప్పుడు మాత్రం వద్దన్నా నెత్తినెక్కి కూర్చుంటాడు. ఇలాంటి చుట్టంతో కాపురం ఎట్లా కుదురుతుంది?

కుదిరే చోటు ఒక్కటే, బోరుబావి. పైరుకు దాహం వేసేదే ఎండకు. ఆ ఎండే మోటరు నడిపితే, కొట్టినవాడే మందు రాసినట్టు. ఈ మాట చెప్పడానికే నేను స్కూటరేసుకొని ఖిల్లా ఘణపూర్ దగ్గరున్న మా మేనత్త ఇంటికి పోయాను.

అత్త చెల్క గుట్ట కింద ఉంటుంది. ఎర్ర నేల, ఎక్కడా ఒక్క చెట్టు లేదు. కరెంటు స్తంభాలు ఊరు దాటి, నాలుగు పొలాలు దాటి, దమ్ము తీసుకుందామని ఆగి, అక్కడే స్థిరపడిపోయాయి. అత్త ఇల్లూ, చేనూ నడిచేది ఒక ఆయిలింజను మీద. అది దగ్గితే ఘణపూర్ కోటలో గబ్బిలాలు లేచేవి. మనిషిగా చూస్తే అత్త నా భుజం దాకా వస్తుంది, గొంతు గుట్ట అవతలి దాకా పోతుంది. మామ దానికి ఉల్టా. పొడుగు మనిషి, వానాకాలానికి ఒక మాట, యాసంగికి ఒక మాట.

"సూర్యుడు నడిపిస్తడా బోరు?" అంది అత్త. "ఆయన బండి ఆయన నడుపుకోలేక ఏడు గుర్రాలను పెట్టుకున్నడు. ఒక డ్రైవర్‌ను గుడ పెట్టుకున్నడు. నా బోరేం నడిపిస్తడు?"

"అత్తా, నీకు నీళ్లెప్పుడు కావాలె? ఎండ కొట్టినప్పుడు. ఆయన పని చేసేదెప్పుడు? ఎండ కొట్టినప్పుడే గదా."

అత్త మామ వైపు చూసింది. మామ ఆకాశం వైపు చూశాడు. ఆ ఏటి మాట ఇంకా వాడలేదు కాబట్టి దాచుకుంటున్నాడేమో అనుకున్నాను.

అప్పుడే పక్క చేను ఆయన గెట్టు మీదినుంచి తొంగి చూశాడు. మా మామకు వరసకు తమ్ముడు, అత్తను వదినా అంటాడు. ఆయనకూ కరెంటు లేదు, ఆయన ఇంజను ఈ మధ్యనే పాడైంది.

"అల్లుడు చెప్పేది మంచిగనే ఉంది వదినా," అన్నాడు. "ముందు మీరు పెట్టుండ్రి. మంచిగ పోస్తే నేను పెడ్త."

సూర్యశక్తి ఆలస్యం కావడానికి చదువుకున్నవాళ్లు రాయని కారణం ఇదిగో. మా వైపు ప్రతి గెట్టు మీదా ఒక మనిషి నిలబడి ఇదే మాట అంటుంటాడు. ఆయన ఈయన కోసం చూస్తాడు, ఈయన ఆయన కోసం చూస్తాడు, ఇద్దరినీ చూస్తూ సూర్యుడు పొద్దున వచ్చి సాయంత్రం పోతుంటాడు.

మా అత్తకు గెట్టు మీద నిలబడే అలవాటు లేదు. పథకం కింద ప్లేట్లు ఇస్తున్నారని తెలిసి ముందుకు పోయింది. దానికి కారణం నా ఉపన్యాసం కాదు. అంతకుముందొకసారి పంట పోయినప్పుడు మామ పట్నం పోయి ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా ఉండొచ్చాడు. లిఫ్టు పక్కన మడత మంచం, వచ్చిన ప్రతి కారుకూ లేచి గేటు తీయడం. తిరిగొచ్చాక ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడలేదు. అంటే మామూలుగా మాట్లాడని దానికంటే ఎక్కువ మాట్లాడలేదు. ఇంకోసారి ఆయనను ఆ గేటు దగ్గరికి పంపకూడదని అత్త పట్టు. అందుకు ఏటా పల్లి చేను పండాలి. పల్లి చేను పండాలంటే బోరు పోయాలి.

దసరాకు ముందు నాగర్‌కర్నూల్ నుంచి మెకానిక్ వచ్చి ప్లేట్లు నిలబెట్టాడు. దక్షిణం వైపు వాల్చి, ఇనుప కాళ్లేసి, బోరు పక్కన ఒక పెట్టె బిగించి స్విచ్చి తిప్పాడు. చప్పుడు లేదు, పొగ లేదు. పైపు ఒకసారి గొంతు సవరించుకొని నీళ్లు వదిలింది. ఎంత జోరుగా అంటే ఆ ధార గుట్ట మీది కోటగోడకు తగిలి, అక్కడున్న మేకలు తడిసి కిందికి దిగొచ్చాయి. మామ రెండు చేతులూ ధారలో పెట్టి, యాసంగి కోటా మాట అక్కడికక్కడే ఖర్చు పెట్టేశాడు.

"పోస్తుంది."

ఆ సంతోషంలో ఆయిలింజనును పక్క చేను ఆయనకు ఇచ్చేశారు. "ఇగ మాకెందుకు, ఈ దగ్గేటిది," అంది అత్త. ఆయన దాన్ని తీసుకుపోతూ, తీసుకుపోతూ, వెనక్కి తిరిగి ధార వైపు చూసి ఒక మాట అన్నాడు.

"అబ్బ! ఏం పోస్తుంది వదినా, నీ బోరు!"

అత్త మొహం మారిపోయింది.

మా వైపు ఎవరైనా తిడితే పట్టించుకోం. మెచ్చుకుంటేనే భయం. కొత్త ఇల్లు, కొత్త బండి, పాలిచ్చే బర్రె, బొద్దుగా ఉన్న బిడ్డ, వీటిని చూసి ఎవరైనా "అబ్బ" అన్నారంటే ఆ రోజే దిష్టి తీయాలి. ఆ "అబ్బ" మనసులో చెడుతో అన్నది కాదని అత్తకూ తెలుసు. కానీ దిష్టికి మనసుతో పని లేదు, కళ్లతోనే పని.

దసరా నాడు ఆయుధపూజ చేశారు. కొడవలి, గొడ్డలి, నాగలి, వాటి సరసన సూర్యుడి ప్లేట్లు. అత్త ఒక్కొక్క ప్లేటుకూ అరచేయంత పసుపు పట్టించి, నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. ఆమె అరచేయి మామూలుది కాదు, జొన్నరొట్టె కొట్టిన చేయి. పసుపు ఆరి, గోడకు కొట్టిన సున్నంలాగా గట్టిపడింది. బంతిపూల దండ ఒకటి ఈ చివరినుంచి ఆ చివరికి. ఆపైన దక్షిణం వైపు, అంటే పక్క చేను ఆయన కళ్లున్న వైపు, రెండు గుంజలు పాతి, నడుమ తాడు కట్టి, దానికి బూడిద గుమ్మడికాయ వేలాడదీసింది. ఆ కాయ గురించి చెప్పాలంటే, దాన్ని తేవడానికి ట్రాక్టరు వచ్చింది, దించడానికి ఊరు వచ్చింది. మామ దాని పక్కన నిలబడితే గుమ్మడికాయకు దిష్టి తగలకుండా మామను కట్టినట్టుంది.

పూజలో నేనూ ఉన్నాను. ప్రసాదం కూడా తిన్నాను. ఏమీ తోచలేదు.

విత్తనం పడింది, చేను మొలిచింది, పచ్చగా అల్లుకుంది, పసుపు పువ్వులు పూసింది. తెలియనివాళ్ల కోసం చెప్తాను, పల్లి మిగతా పంటల్లాగా కొమ్మకు కాయదు. పువ్వు రాలాక దాని మొదట్లోంచి సన్నని ఊడ ఒకటి కిందికి దిగుతుంది. అది మట్టిలోకి దూరి, అక్కడ కాయవుతుంది. ఆ రోజుల్లో నేల తడిగా, మెత్తగా ఉండాలి. నేల గట్టిగా ఉంటే ఊడ తల ఆనించి, దారి దొరక్క, గాల్లోనే ఎండిపోతుంది. పైన చూస్తే చేను పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే వేళ్లు తప్ప ఏమీ ఉండవు. అందుకే ఊడలు దిగేటప్పుడు పల్లి రైతు తన గొంతు తడుపుకోకపోయినా చేను తడుపుతాడు.

సరిగ్గా అప్పుడే అత్త ఫోను చేసింది.

"అల్లుడా, నీ సూర్యునికి ఏమైందిరా? ఒట్టిపోయిన బర్రె లెక్క ఇస్తుండు. జర పిండితే జర వస్తుంది, మల్ల ఆగుతుంది."

మెకానిక్‌కు ఫోను చేశాను. "దారిల ఉన్న సార్," అన్నాడు. ఆ మనిషి ఎప్పుడు చేసినా దారిలోనే ఉండేవాడు. దారి మాత్రం మారుతుండేది. ఒకసారి గద్వాల దారి, ఒకసారి అయిజ దారి, ఒకసారి వడ్డేపల్లి దారి. మా వైపు అన్ని దారులూ ఆయనను మోశాయి, మా అత్త చెల్క దారి తప్ప. పాపం ఆయన తప్పు కాదు, ఉన్నది ఒక్కడు, ఆగిన బోర్లు ఆకాశంలో చుక్కలన్ని. చివరికి ఫోనులోనే వైద్యం మొదలుపెట్టాడు. నేను చెల్కలో నిలబడి ఆయన అడిగింది అత్తకు, అత్త చెప్పింది ఆయనకు అందించాను.

"ప్లేట్లు తుడుస్తుండ్రా సార్?"

"రోజు తుడుస్తున్న," అంది అత్త. "బొట్టుకు తగలకుండ సుట్టూత తుడుస్తున్న."

ఆ రెండో ముక్క నేను అందించలేదు. అది కూడా చెప్పాల్సిన విషయమని నాకు అనిపించలేదు. బొట్టు మీద తుడవరని ఎవరికి మాత్రం తెలియదు?

"నీడ గిట్ల పడుతుందా సార్?"

అత్త ఫోను లాక్కుంది. "నీడనా? ఒక్క చెట్టు లేని చెల్కల నీడ ఎక్కడిది నాయనా? నీడ ఉంటే మేమే కూసుంటుంటిమి గదా, ఎండల ఎందుకు సస్తుంటిమి?"

"అయితే లోపల పెట్టె పోయి ఉంటది అమ్మా. గద్వాలకెల్లి తెప్పియ్యాలె. దారిల ఉన్న."

అత్త తన వైద్యం తాను చేసింది. నీళ్లు తగ్గాయంటే దిష్టి గట్టిగా తగిలిందన్నమాట. శుక్రవారం ఇంకో పూత పసుపు. మంగళవారం ఇంకో బొట్టు. నీళ్లు ఇంకా తగ్గాయి. బొట్టు ఇంకా పెరిగింది. చివరికి ప్లేట్లు పెళ్లిపీటల మీద కూర్చున్న ముత్తైదువల్లాగా, మొహం కనబడకుండా నిండుగా ఉన్నాయి. ముత్తైదువలు నీళ్లు తోడిపోస్తారా? పోయరు గదా. అవి కూడా పోయలేదు.

నాకు విషయం తెలిసింది తిండి దగ్గర. ఒక పగటిపూట ప్లేట్ల పక్కన కూర్చొని జొన్నరొట్టెలో పల్లి చట్నీ అద్దుకుంటున్నాను. అదే చేనులో పోయినేడు పండిన పల్లి. గాలి లేచింది. గుమ్మడికాయ తాడు మీద అటూ ఇటూ ఊగింది. కాయ ఇటు ఊగితే ధార సన్నబడుతోంది, అటు ఊగితే కాస్త లావవుతోంది. రొట్టె నోట్లో అలాగే ఉండిపోయింది. దసరాకు పైనున్న సూర్యుడు చలికాలం వచ్చేసరికి దక్షిణానికి వంగి నడుస్తున్నాడు. అప్పుడు నేల మీద పడిన కాయ నీడ ఇప్పుడు పొడుగై పొద్దంతా ప్లేట్ల మీద తిరుగుతోంది. మా వీధి స్తంభం నీడలాగే, కుక్కలు ఒక్కటే తక్కువ.

ఒక్క కాయ నీడకు బోరంతా ఆగుతుందా అని మీరు అడగవచ్చు. మెకానిక్‌కు ఫోను చేస్తే దారిలోంచే చెప్పాడు. ప్లేట్లు ఒకదానికొకటి వైరుతో కట్టి ఉంటాయట. నిప్పంటుకున్నప్పుడు జనం వరుసగా నిలబడి బిందెలు చేతులు మార్చుకుంటారు గదా, ఆ వరుసలో ఒక్కడు కునుకు తీస్తే మిగతావాళ్లు ఎంత గట్టివాళ్లయినా ఏం లాభం? అదీ సంగతి. పసుపు కింద అందరూ జోగుతుంటే, గుమ్మడికాయ ఒకణ్ణి పూర్తిగా పడుకోబెట్టింది.

ఇక మిగిలింది ఈ మాట అత్తకు చెప్పడం. గుమ్మడికాయ తెచ్చిన కడగండ్ల గురించి ఇంత రాస్తున్నానంటే కారణం అదే.

"అత్తా, కాయ తీసేద్దాం."

"ఏ కాయ?"

"దిష్టి కాయ. దాని నీడకే నీళ్లు వస్తలేవు."

అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. "అల్లుడా, సూర్యుడు ఎంత పెద్దగుంటడు?"

"భూమి కంటే లచ్చల రెట్లు."

"గుమ్మడికాయ ఎంతుంది?"

నేను రెండు చేతులూ చాచి చూపించాను.

"గంత పెద్ద సూర్యుడు గింత కాయకు ఓర్వకపోతే, ఆయన ఏం సూర్యుడురా? ఆయన మీద నమ్మకం పెట్టుకోమని నువ్వెట్ల చెప్పినవు?"

ఆమె మాట అన్యాయం కాదు. ఆయిలింజను మీద పసుపు పూస్తే అది దగ్గడం మానేదా? దండ వేస్తే, బొట్టు పెడితే, గుమ్మడికాయ కాదు గదా గుమ్మడి తోట వేలాడదీసినా దాని పని అది చేసేది. మా వస్తువులన్నీ మా భక్తిని తట్టుకొని బతకడం నేర్చుకున్నవి. ఇదొక్కటే మొదటిసారి, మా ప్రేమకు కళ్లు మూసుకుంది.

పైగా కట్టిన దిష్టికాయను నడిమధ్యలో విప్పకూడదు. విప్పితే ఆగి ఉన్న దిష్టంతా ఒక్కసారి పడుతుంది. అమావాస్యకు విప్పి, అదే చేత్తో కొత్తది కట్టాలి. పూసిన పసుపు కడగడం కూడా అప్పుడే. అమావాస్య ఇంకా దూరంగా ఉంది. పోనీ తాడు పైకి లాగుదామంటే గుంజలు పొట్టివి. కోతులైనా ఎత్తుకుపోతాయేమోనని ఆశపడ్డాను. మా ఊళ్లల్లో కోతులు ఇంటి పెంకులు, చేతిలో టిఫిను, చెవిలో ఫోను కూడా లాక్కుపోతాయి. అవి గుంపుగా వచ్చి, కాయ చుట్టూ కూర్చున్నాయి. పెద్దకోతి ఒక్కటి లేచి దండం పెట్టినట్టు చేసి, అందరినీ తీసుకొని వెళ్లిపోయింది. వాటికీ దిష్టి భయమే.

మామ మాత్రం పొద్దున్నే పోయి ఆ కాయ కింద నిలబడి, దాని నీడ ఎటు పోతే అటు చూస్తుండేవాడు. నీడను చేత్తో పక్కకు తోయగలిగితే తోసేసేవాడు.

నేను రోజూ స్కూటరేసుకొని పోయాను. పోయి ఏం చేశానంటే, ఆయన పక్కన నిలబడ్డాను.

అమావాస్య వచ్చింది. అత్త మాట తప్పలేదు. కాయ విప్పింది, కొత్త కాయను ఉత్తరం వైపు కట్టడానికి ఒప్పుకుంది. "దిష్టి దిక్కు మార్చుకోదా?" అని నన్నే అడిగి, "మార్చుకోనీ," అని తనే అంది. ప్లేట్ల మీది పసుపును ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పెట్టి తోమింది. ఇటుకపొడి కూడా తెచ్చిందిగానీ ఆ ఒక్క పూట నా మాట విన్నది. తోమి, కడిగి, పాత చీరతో తుడిచాక ప్లేట్లలో మా మొహాలు కనబడ్డాయి. స్విచ్చి తిప్పితే ధార మళ్లీ మొదటి రోజులాగా దూకింది. కాలువ నిండింది. మామ చెప్పులు విప్పి, పార పట్టుకొని పై సాళ్లకు నీళ్లు మళ్లించాడు. ఊడలు ఇంకా సగం పచ్చిగానే ఉన్నాయి. అత్త వంగి ఒక ఊడను వేలితో తాకి, "దిగు బిడ్డా, దిగు," అంది.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది.

ఎక్కడో సముద్రంలో తుఫాను లేచిందట. ఆ సముద్రం ఎక్కడ, మా ఘణపూర్ ఎక్కడ? వాన కురిసినా బాగుండేది. కాకి రెక్క తడవనంత తుంపర, కాకి కూడా కనబడనంత ముసురు. ఏడాది పొడుగునా పిలవకుండా వచ్చి నెత్తినెక్కే మనిషి, మేం స్నానం చేయించి, బొట్టు తుడిచి, దారి చూస్తూ కూర్చున్న వారం సెలవు పెట్టాడు. పైపులోంచి ముసలివాడి చొంగలాగా కాసిని నీళ్లు వచ్చేవి, ఆగేవి. అత్త ప్లేట్ల ముందు నిలబడి ఆకాశాన్ని తిట్టింది, బతిమాలింది. నేను ఫోనులో వాతావరణం చూసి రేపు తెరిపిస్తుందని చెప్పాను. మర్నాడు కూడా అదే చెప్పాను. ఊడలు నేలకు బెత్తెడు దూరంలో వేలాడుతూ, కొసలు నల్లబడుతున్నాయి.

"ఇంజన్ అడుగుదాం," అన్నాను.

ఇంజను ఎవరి దగ్గరుంది? పక్క చేను ఆయన దగ్గర. ఎవరి కళ్లకు అడ్డంగా అత్త గుమ్మడికాయ కట్టిందో, ఆయన దగ్గర. గెట్టు అవతల అది దగ్గుతున్న చప్పుడు మాకు వినబడుతూనే ఉంది.

అత్త కొంగు నడుముకు దోపి గెట్టు వైపు నడిచింది. ఇంతలో ఆయనే ఇంజనును బండి మీద వేసుకొని ఎదురొచ్చాడు. "వదినా, నీ గుమ్మడికాయ నా కోసమే కట్టినవని నాకు తెల్వదా?" అని నవ్వాడు. "నా కండ్లు మంచియి కాకపోవచ్చు గనీ, ఇంజన్ మంచిదే. పట్టు." మామ, ఆయన కలిసి ఇంజను బిగించారు. ఒకరోజూ, ఒక రాత్రీ దగ్గి అది సగం చేను తడిపింది. సగానికి ఊడలు దిగాయి. ఆ సగంతో ఇల్లు నడిచింది. మామ పట్నం పోలేదు. ఎండ వచ్చాక పల్లి పీకుతుంటే అత్త నాకు సంచి నిండా పచ్చికాయ పెట్టి, "సూర్యునికి సగం, ఇంజన్‌కు సగం," అంది.

ఇక ఇచ్చిన మాట ప్రకారం ఒప్పుకోవాలి. కుక్కలను, అప్పడాలను, కోటగోడ దాకా ఎగిసిన ధారను, ట్రాక్టరు మీద వచ్చిన కాయను, దండం పెట్టిన కోతిని పెంచాను. మీకు నచ్చినంత కొట్టేసుకోండి. ప్లేట్లకు పసుపు పూసింది నిజం. గుమ్మడికాయ నీడ నిజం. ముసురు నిజం. ఇప్పుడు చెప్పిన ఇంజను ముచ్చట మాత్రం నేను పుట్టించింది.

అత్త గెట్టు దాకా పోయిన మాట నిజమే. అక్కడ నిలబడి చాలాసేపు చూసింది. అవతల ఆయన, ఆయన భార్య వంగి నీళ్లు కడుతున్నారు. వాళ్లు ఆమెను గమనించలేదు. అత్త పిలవలేదు. వెనక్కి తిరిగి వచ్చేసింది.

"అడగలేదేంది అత్తా?"

"వాండ్లయి గుడ ఊడలు దిగుతున్నయి అల్లుడా," అంది. "ఒక్క ఇంజన్. ఎవరియి ఆపమందు?"

నేను పోయి అడుగుతానన్నాను. వద్దంది. నేను కూడా పోలేదు. ముగ్గురం ప్లేట్ల పక్కన, తోమి తోమి తళతళలాడుతున్న ప్లేట్ల పక్కన కూర్చున్నాం. ముసురు విడిచి ఎండ వచ్చేసరికి ధార బ్రహ్మాండంగా పోసింది. తాగడానికి చేనులో ఊడ లేదు. పీకితే వేళ్లు వచ్చాయి. అత్త నాకు సంచి ఇచ్చింది నిజమే. అందులో పల్లి వనపర్తి మార్కెట్టులో కొన్నది. "ఉత్త చేతులతోని పోతవా?" అంది.

మామ ఇప్పుడు పట్నంలో ఉన్నాడు. మొన్న ఫోను చేశాడు. ఆయన ఫోను చేయడమే నా జీవితంలో మొదటిసారి. నేను అడిగినవాటికి ఊఁ, ఊఁ అన్నాడు. ఇక పెట్టేస్తాడనుకుంటుండగా, ఆ ఏటివీ, వచ్చే ఏటివీ మాటలన్నీ కలిపి వాడేశాడు.

"ఈ బిల్డింగు మీద గుడ ప్లేట్లున్నయి అల్లుడా. పొద్దుగాల పోయి తుడుస్తున్న. ఒక్కదానికి గుడ బొట్టు లేదు. మీ అత్తకు చెప్పు."

ఇది పుట్టించింది కాదు. అత్తకు మాత్రం ఇంకా చెప్పలేదు.